రోజుకో వత్తి

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మమ్మ పత్తి డబ్బా ముందేసుకుని కూర్చునేది. గింజ తీసి, దూదిని పలచగా సాగదీసి, వేళ్లకు కాస్త విభూతి అద్దుకుని అరచేతిలో నులిమేది. దూది జారకుండా పట్టు ఇచ్చేది ఆ విభూతే. మబ్బు తునకలాంటి దూది చూస్తుండగానే వత్తి అయ్యేది. మంత్రమేమీ చదివేది కాదు, పక్కింటావిడతో కబుర్లూ ఆగేవి కావు. పూజ అక్కడే మొదలయ్యేదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

సాయంత్రం కళ్లాపి తడి ఆరకముందే కాళ్లు కడుక్కుని వచ్చేది. ఇత్తడి కుందికి అంటిన నిన్నటి మసి తుడిచి, నువ్వులనూనె పోసి, వత్తిని బాగా తడిపి, కొస మాత్రం పైకి తీసి వెలిగించేది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. దణ్ణం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

చిన్న దీపమా, నీకు ఏ రాజూ మాన్యాలు రాసివ్వలేదు. నీ కోసం ఎవరూ కొండ ఎక్కరు. అయినా నువ్వు ఆరిపోయావన్న మాట మా ఇళ్లలో నోట రానివ్వరు, దీపం కొండెక్కిందంటారు. పొద్దుకు పేరు పెట్టిందీ నువ్వే. దీపాలు పెట్టే వేళ అంటే ఇక గడియారం చూడనక్కర్లేదు. ఆ వేళప్పుడు ఇల్లు ఊడవనివ్వరు, జుట్టు విరబోసుకోనివ్వరు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారని చెడ్డమాట అననివ్వరు. గుప్పెడంత వెలుగువి, ఇంటిల్లిపాది నోటినీ శుభ్రం చేస్తావు.

కార్తిక పౌర్ణమికి 365 వత్తుల కట్ట నేతిలో తడిపి వెలిగిస్తాం. ఏడాదిలో దీపం తప్పిన రోజులన్నిటికీ అది చెల్లు. జ్వరాలు, ప్రయాణాలు, పురుళ్లు, మైల. బతుకన్నాక తప్పే రోజులుంటాయని పెద్దవాళ్లకు తెలుసు. ఆ దయ నాకెంతో ఇష్టం. ఆ లెక్క ఇంకా ఇష్టం. సంక్రాంతి సాయంత్రానికీ, ఏ విశేషమూ లేని మంగళవారానికీ అందులో వత్తి ఒక్కటే.

ఇలాంటి లెక్కే ఇంకోటి ఉంది. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల్లో ఆయన పాడిన కాలమూ ఉంది. పదహారో ఏట మొదలు, 1424 నుంచి 1503 దాకా. రోజుకు ఒక్క సంకీర్తనైనా తిరుమల కొండ మీది స్వామికి అర్పించాడని, మొత్తం 32,000 అని చెబుతారు. 79 ఏళ్లకు పంచితే రోజుకు ఒకటికి కాస్త పైన. అంత రాశి చూసి అందరూ చేతులెత్తి మొక్కుతారు. నేనూ మొక్కుతాను. కానీ నా కంటికి అందులో ఒక మామూలు రోజు ఆనుతుంది. ఆ పూట ఒళ్లు బాగోలేదేమో, ఎంత వెతికినా మాట దొరకలేదేమో. అయినా తంబుర అందుకునే ఉంటాడు. ఆ రోజు పుట్టిన పాట ఏదో ఇప్పుడు ఎవరు పోల్చగలరు?

ఆ కొండ మీదే ఇంకో కథ. తొండమాను చక్రవర్తి సమర్పించిన బంగారు పూలను తోసిరాజని స్వామి పాదాల మీద మట్టి పూలు కనిపించేవట. సారె ముందు కూర్చున్న కుమ్మరి, పని మధ్యలో చేతికంటిన మట్టితోనే చేసి అర్పించినవి అవి.

తాతయ్య పోయినప్పుడు ఆ మైల రోజులన్నీ దేవుడి గూడు చీకటిగానే ఉంది. అమ్మమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. శుద్ధి అయిన సాయంత్రం, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, తనే లేచి కాళ్లు కడుక్కుంది. కుంది తుడిచింది. నూనె పోస్తుంటే చెయ్యి వణికి కాస్త గట్టు మీద ఒలికింది, కొంగుతో అద్దింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

"ఆయన మీద నాకు కోపంగానే ఉందిరా," అంది దేవుడి వైపు చూస్తూ. "అయినా దీపాల వేళయింది కదా."

ఆమె చేసి ఉంచిన వత్తులు ఆమె తర్వాత కూడా నాకు చాలాకాలం వచ్చాయి. పోయిన నెలలో డబ్బా అడుగు కనిపించింది. ఇవాళ నేనే దూది తీసుకుని, వేళ్లకు విభూతి అద్దుకుని కూర్చున్నాను. వత్తి ఒకచోట లావుగా, ఒకచోట దారమంత సన్నగా వచ్చింది. వంకరదే కుందిలో వేశాను. నూనె పీల్చుకుంటోంది.