అడగడానికి మొహమాటపడే ప్రశ్న

నడుము నొప్పితో ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కండరం పట్టేయడమో, డిస్కు జారడమో కారణం. కాసేపు నడుం వాలిస్తే హాయిగా ఉందంటారు. పడుకుంటేనే నొప్పి పెరుగుతోందనీ, అర్ధరాత్రి లేచి వరండాలో పచార్లు చేస్తేగానీ తగ్గడం లేదనీ చెప్పారంటే మాత్రం వెన్నులో గడ్డేమోనన్న అనుమానంతో నేను రాస్తున్న చీటీ పక్కన పెట్టేస్తాను.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి నరాలు గుర్రపు తోకలా పాయలుపాయలుగా కిందికి దిగుతాయి. అక్కడ పుట్టే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. నరం తొడుగులోంచి పుట్టే ఎంపీఎన్‌ఎస్‌టీ అనే క్యాన్సర్ అక్కడ బహు అరుదు. అది వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఎన్‌ఎఫ్‌-1 అనే జన్యుపరమైన జబ్బు ఉంటుంది. అందుకే నడుము నొప్పి అన్నా సరే చొక్కా విప్పించి, ఆ జబ్బుకు గుర్తుగా ఒంటిమీద కాఫీరంగు మచ్చలున్నాయేమో వెతుకుతాను.

ఆ తర్వాతే అసలు ప్రశ్న. "ఒంటికి వెళ్తే పూర్తిగా వచ్చినట్టు తెలుస్తోందా?" చాలామంది తల దించుకుంటారు. "వయసు మీదపడింది కదా సార్, కాస్త ఆలస్యమవుతోంది" అంటారు. అక్కడితో వదిలేయకూడదు. సైకిల్ సీటు మీద కూర్చుంటే ఆనే చోటంతా సూదిమొనతో తాకుతూ, గుచ్చుతోందా, మొద్దుగా ఉందా అని అంగుళం అంగుళం అడగాలి. ఆడవాళ్లయితే సిస్టర్ పక్కన ఉండాలి, తలుపు వేసి ఉండాలి. రద్దీ ఓపీలో అందరూ ఎగ్గొట్టే పరీక్ష ఇదే. ఎమ్మారై ఎంత త్వరగా తీయాలో చెప్పేదీ ఇదే.

క్యాన్సర్ కాని గడ్డ సాధారణంగా ఒక పోగులో పుట్టి తక్కినవాటిని పక్కకు నెడుతుంది. ఎంపీఎన్‌ఎస్‌టీ మాత్రం పోగుల్లోకే చొరబడుతుంది. ఆపరేషన్‌లో సర్జన్ ఒక్కో పాయను సన్నని కరెంటుతో తాకుతుంటే, కాలిదా, మలద్వారానిదా, ఏ కండరం కదిలిందో తెర మీద తెలుస్తుంది. గడ్డ చుట్టూ ఉన్న మంచి కణజాలాన్ని కూడా కలిపి తీసేయాలన్నది ఈ క్యాన్సర్ ఆపరేషన్ సూత్రం. ఇక్కడ ఆ మంచి కణజాలమే మూత్రాన్ని అదుపులో ఉంచే నరం. తర్వాత రేడియేషన్ ఇస్తాం. కీమోకు ఇది అంతగా లొంగదు.

అందుకని ఏ నరాన్ని వదులుకోవాల్సి రావచ్చో థియేటర్లోకి వెళ్లకముందే రోగితో మాట్లాడాలి. భార్యో భర్తో ఉన్నప్పుడు ఒకసారి, విడిగా ఒకసారి. "నడుస్తానా డాక్టరుగారూ?" అని వాళ్లే అడుగుతారు. మూత్రం సంగతి, దాంపత్యం సంగతి అడగరు. అవి మనమే ఎత్తాలి.