జేబులో ఫోను, సంచిలో పలక

అంగట్లో అందరూ కొనే ఫోనునే నేనూ కొన్నాను, అందరూ ఇచ్చే ధరే ఇచ్చాను. చూపు లేనివాడికి ఈ మాట ఎంత పెద్దదో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మా కోసమే తయారైన వస్తువంటే ఒకప్పుడు ధర వినగానే చెయ్యి వెనక్కి తీసుకోవలసిందే. కంప్యూటర్ తెరను చదివి వినిపించే జాస్ 1989లో డాస్ మీద మొదలై 1995లో విండోస్‌కు వచ్చింది. దాని లైసెన్సు డబ్బుతో ఇంకో కంప్యూటరే కొనుక్కోవచ్చు. సింబియన్ నోకియా ఫోన్లను మాట్లాడించే టాక్స్ అనే ప్రోగ్రాంకూ విడిగా కట్టాల్సిందే. బ్రెయిల్ చుక్కలు వేలికింద లేచి దిగే డిస్‌ప్లేలు లక్షల్లో మాట. ఆ ధరల భారం చూసే ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో తెరను చదివే ఎన్‌వీడీఏ ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2009లో ఐఫోన్ 3జీఎస్ తెరను చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌ను తనలోనే పెట్టుకుని వచ్చింది. ఆ ఏడే ఆండ్రాయిడ్‌లో అదే పని చేసే టాక్‌బ్యాక్ చేరింది.

ఆ ఆండ్రాయిడ్ పని వెనక ఉన్నవాళ్లలో టి.వి. రామన్ ఒకరు. పుణెలో పుట్టి, పద్నాలుగో ఏట చూపు పోగొట్టుకున్న మనిషి. బటన్లు లేని నున్నటి అద్దం మీద నంబరు నొక్కేదెట్లా? ఆయన కనిపెట్టిన ఉపాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వేలు మొదట ఎక్కడ ఆనితే అదే 5. అక్కడి నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. మనం చోటు వెతుక్కోనక్కర్లేదు, అంకెలే వేలి చుట్టూ వచ్చి నిలబడతాయి. అద్దం మీద తడుముకున్న వేలికే తట్టే ఆలోచన అది.

నెల్లూరులో ఆదివారాలు నేను చూపులేనివాళ్లకు ఫోను నేర్పుతుంటాను. ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, అల్లూరు వైపు నుంచి వస్తారు. ఎక్కువమంది సముద్రం మీద బతికే ఇళ్లవాళ్లు. వాళ్లు మొదట అడిగేది పాటలు, వీడియోలు కాదు, నోట్లు. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్లలో 100 పొడవు 142 మిల్లీమీటర్లు, 200 పొడవు 146, 500 పొడవు 150. వెడల్పు మూడింటికీ ఒకటే. చేపల గంప ముందు కూర్చుని, జిగురు చేతులతో, బేరానికొచ్చినవాళ్లు తొందరపెడుతుంటే నాలుగు మిల్లీమీటర్ల తేడా పట్టుకోమంటే ఎవరివల్ల అవుతుంది? రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన మణి యాప్ నోటును కెమెరాతో చూసి ఎంతదో చెబుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. దానికన్నా మేలు చేసింది దుకాణాల్లో ఫోనుతో కట్టిన డబ్బు పడగానే తెలుగులో అరిచే చిన్న పెట్టె. దాన్ని మా కోసం చెయ్యలేదు. రద్దీలో తెర చూసుకోలేని వ్యాపారుల కోసం చేశారు. అందుకే అది చవకగా ఉంది, ఊరూరా ఉంది. అందరి వస్తువులో మాకూ చోటు దొరికితే ఎంత మేలు జరుగుతుందో ఆ పెట్టెను చూస్తే తెలుస్తుంది.

అయినా ఫోనొచ్చింది కదా, ఇంక ప్రత్యేక పరికరాలెందుకు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ మాట ఆఫీసుల్లో వింటున్నాను, చదువుకున్నవాళ్ల నోటా వింటున్నాను.

మైపాడు ఒడ్డున గాలి లేచిందంటే ఫోను గొంతు చెవిదాకా రాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వెనక వచ్చే ఆటో వినపడదు. తడి వేలికి అద్దం సరిగా పలకదు. జీపీఎస్ దారి చెబుతుంది గానీ అయిదారు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మా తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ ఉంది, సముద్రానికి పోయే చాలా దారులు దాన్ని దాటాలి. వంతెన మొదట్లో అయిదారు మీటర్ల తేడా అంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అక్కడ కాపాడేది తెల్లకర్రే. ఆ కర్రకూ ఒక లోపముంది. ఒడ్డుకు లాగిన పడవ ముక్కు రొమ్ము ఎత్తున ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, కర్ర దాని కిందినుంచి పోతుంది, మనిషి వెళ్లి గుద్దుకుంటాడు. ఐఐటీ ఢిల్లీలో తయారై 2014లో బయటికొచ్చిన స్మార్ట్‌కేన్ సరిగ్గా ఇలాంటి వాటికోసమే. మోకాలి పైన ఉన్న అడ్డును మనిషి చెవికి అందని ధ్వని తరంగాలతో పసిగట్టి పిడిని వణికిస్తుంది. చెవిని ముట్టుకోదు, చేతికి చెబుతుంది. దాన్ని చేసినవాళ్లు చూపులేనివాళ్ల నడకను దగ్గర కూర్చుని అర్థం చేసుకున్నారు.

ఇక అక్షరం సంగతి. తొమ్మిదో తరగతి చదివే పిల్లను వాళ్లమ్మ తీసుకొచ్చింది. చురుకైన పిల్ల, పాఠాలన్నీ ఫోన్లో విని ఒప్పజెబుతుంది. నేను బ్రెయిల్ పలక తియ్యగానే ఆ తల్లి, "ఏందన్నా, ఫోను అన్నీ చదివి చెప్తా ఉంటే ఇంకా ఈ చుక్కలు పొడిపించేదెందుకు?" అనింది. "ఒక్క చిన్న ఉత్తరం రాయించి చూద్దామమ్మా" అన్నాను. పిల్ల కీబోర్డు మీద రాసింది. 'విషయం'లో శ పెట్టింది. 'బాధ'కు ఒత్తు లేదు. 'శ్రద్ధ'కూ లేదు. తెలివిలో లోటేమీ లేదు, ఆ పిల్ల తెలుగు అక్షరాన్ని ఎప్పుడూ తాకలేదు, అంతే. ఫోను గొంతులో శ, ష ఒకటిగానే వినపడతాయి. మనం మాట్లాడేటప్పుడు మాత్రం ఎంతమందిమి విడదీస్తున్నాం? చూపున్న పిల్లలకు ఆ తేడా పుస్తకంలో కంటికి తగులుతుంది, చూపులేని పిల్లలకు వేలికే తగలాలి. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిల్‌లో మన భాషల అక్షరాలన్నిటికీ ఆరు చుక్కల్లో చోటుంది. తెలుగు ఒత్తులు అందులో కిందికి దిగవు, వరుసలోనే వస్తాయి. పలక మీద కుడి నుంచి ఎడమకు పొడిచి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. అలవాటయ్యేదాకా కష్టమే. కానీ తర్వాత అక్షరం మనదవుతుంది. తక్కువ ధరలో తేవాలన్న పట్టుదలతో మన దేశంలోని ఒక సంస్థ కూడా చేతులు కలిపి తెచ్చిన ఆర్బిట్ రీడర్ 20 అనే బ్రెయిల్ డిస్‌ప్లేలో ఇరవై గళ్లుంటాయి, అది మన బీద ఇళ్లకు ఇంకా భారమే. అలాంటివి బడికి నాలుగైనా ఇవ్వాలని నా కోరిక. ఫోన్లు పంచాం కదా అని బ్రెయిల్ పుస్తకాలు తగ్గించడం పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

ఫోనుతో ఇంకో చిక్కుంది, అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. ప్రత్యేక పరికరం ఖరీదెక్కువైనా కొన్న రోజు ఎట్లా పనిచేసిందో చెడిపోయేదాకా అట్లాగే చేస్తుంది. ఫోను అట్లా కాదు. అందులో సగం పనితనం చూపున్నవాళ్ల చేతుల్లో ఉంది. నేను వాడే ఒక యాప్ రాత్రికి రాత్రి మారిపోయింది. తెల్లారి తెరిస్తే టాక్‌బ్యాక్ "బటన్, బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. ఆ బటన్‌కు పేరు రాయడం తయారుచేసినవాళ్లకు ఒక్క లైను పని. ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పమనేవాళ్లు. కన్నే లేనివాడు ఏం ఆర్పాలి? యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవాళ్లు, చూపులేని అమర్ జైన్ అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళితే, 2025 ఏప్రిల్ 30న కోర్టు డిజిటల్ సేవలను అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. ఆ తీర్పు వచ్చినరోజు నేను చాలామందికి ఫోన్లు చేసి చదివి వినిపించాను.

తెలుగులో మరో అడ్డు మనం పెట్టుకున్నదే. మన డీటీపీలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. అందులో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగు. టాక్‌బ్యాక్‌కు అర్థంలేని గుర్తుల కుప్ప. నోటీసు, ఆహ్వానం, కథల పుస్తకం ఏదైనా అంతే. యూనికోడ్‌లో చేస్తే అదే పీడీఎఫ్ మాకూ పుస్తకమవుతుంది.

వీటన్నిటికన్నా ప్రాణాల మీదికొచ్చేది తుపాను కబురు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను సంగతి మా ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2023 డిసెంబరులో మిచాంగ్ మా జిల్లాను ముంచింది. ఇప్పుడు హెచ్చరిక ముందే వస్తుంది. ఎస్ఎమ్ఎస్‌గా వస్తే ఫోను గడగడా చదివేస్తుంది. కానీ ఊళ్లో తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే కాగితం ఫోటో. సంతకం, ముద్ర అన్నీ ఉన్న ఫోటో. మా ఫోను దాన్ని "ఇమేజ్" అని ఊరుకుంటుంది. ఫోటోలోని అక్షరాలు చదివే యాప్‌లు ఉన్నాయి గానీ వంకరగా తీసిన తెలుగు కాగితం దగ్గర అవి తడబడతాయి, పైగా గాలివానలో నెట్ ఉండాలి కదా.

సచివాలయాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, గ్రూపులు నడిపే అన్నలకు నా వేడుకోలు ఇది. ఫోటో పెట్టండి, దాని కింద నాలుగు లైన్లు టైపు కూడా చెయ్యండి. ఎప్పుడు తీరం దాటుతుంది, గాలి వేగం ఎంత, ఎవరు ఇల్లు వదలాలి, ఏ బడిలో తలదాచుకోవాలి. వచ్చి తీసుకెళ్లే మనిషి ఫోను నంబరు ఆఖరున అంకెల్లో రాయండి, ఫోటోలో కాదు. అంకెలుగా ఉంటే మేం రెండుసార్లు తట్టి నేరుగా ఫోన్ చెయ్యగలం.