వినబడనంత బాగా చదవడం

చిన్న వీడియోలో బొమ్మను మెచ్చుకున్నట్టు దాని వెనకాల మాటను ఎవరూ మెచ్చుకోరు. నిజానికి సాఫీగా సాగిన వ్యాఖ్యానం ప్రత్యేకంగా చెవిన పడదు, అదే దాని పనితనం. వరి నారుమడి మీద రైతుల కోసం తీసిన రెండు నిమిషాల వీడియోనే తీసుకోండి. విత్తనాలు నీళ్లలో ఉన్నాయన్న సంగతి తెర చూపిస్తూనే ఉంది, మళ్లీ చెప్పడం దండగ. 24 గంటలు నానబెట్టి, మొలకెత్తడానికి మరో 24 గంటలు మండె కట్టాలన్నది బొమ్మ చెప్పలేదు, అదే రాయాలి. పైగా మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. వాక్యం సాగితే ‘చల్లాలి’ అనేసరికి చల్లే చెయ్యి తెర దాటిపోతుంది. అందుకే మంచి రచయిత పొట్టి వాక్యాలు రాసి, పైకి చదువుకుంటూ సెకన్లు లెక్కపెడతాడు.

రికార్డింగ్‌లోనూ ఇదే నిగ్రహం. ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి మైకును కొట్టకుండా ముఖం కాస్త పక్కకు తిప్పుతారు, ఫ్యాన్ ఆపేస్తారు (మే నెలలో ఇది తపస్సే), గోడల మోత తగ్గడానికి దుప్పట్లు వేలాడదీస్తారు. చివర్న ఖాళీ గది చప్పుడును కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచుతారు, కత్తిరించిన చోట్ల అతుకు తెలియకుండా. ఇంత శ్రమ దేనికి, కంప్యూటర్ గొంతు చదివేస్తుందిగా అంటారు కొందరు. చదువుతుంది, చౌక కూడా. ధరల పట్టికకు అది చాలు. కానీ మందు మోతాదు చెప్పే చోట ఏ అంకె మీద ఊనాలో, ఎక్కడ ఆగితే రైతు గుర్తుపెట్టుకుంటాడో తేల్చాల్సింది విషయం తెలిసిన మనిషే. చదువు రాని ప్రేక్షకుడికి ఆ గొంతే ఆధారం. ఈసారి వీడియో చివర పేర్లు పడుతున్నప్పుడు, వ్యాఖ్యానం ఎవరిదో చూశాకే ఆపండి.