కోడూరు గనులు - కళింగాంధ్ర కథావిమర్శ

కళింగాంధ్ర కథలను గూర్చిన విమర్శలలో భూమి, అప్పు, వలస అను మాటలు తఱచుగా వినవచ్చును. గని యను మాట అరుదు. కాని భారతదేశమున మాంగనీసు త్రవ్వకము తొలుత ఆరంభమైనది ఈ ప్రాంతముననే. 1892 ప్రాంతమున, నాటి విశాఖపట్టణము జిల్లాలోని కోడూరు గనులలో విజయనగరం మైనింగ్ కంపెనీ పని మొదలిడెను. పిమ్మట చీపురుపల్లి పరిసరములందలి గర్భాం, దేవాడ మొదలగు పల్లెల పేర్లు ఖనిజశాస్త్రమున కెక్కినవి.

ఈ గనులను విపులముగా వర్ణించినది 1909లో ఫెర్మర్ ప్రకటించిన గ్రంథము. ఇచ్చటి యొక శిలకు ఆయన ‘కోడురైటు’ అని పేరిడెను. అది కరిగిన శిలాద్రవము గడ్డకట్టి యేర్పడినదని ఆయన మతము. భిన్నశిలల కలయికచే పుట్టిన సంకరశిల యని తరువాతివారిలో పెక్కురు నిర్ణయించిరి.

ఇట్టి పునర్విచారము మన విమర్శకును అవసరమని మేము తలంతుము. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ కథలో గని లేదు. సుందరపాలెమున కభివృద్ధి వచ్చుట, దానివెంట అప్పలరాముడు ఋణమున మునుగుట, తుదకు సీతారాముడు కన్నకొడుకునే చంపుట అందలి యితివృత్తము. దీనిని ఆధారముగా గొని, ఈ సీమ పల్లెలన్నియు స్వాతంత్ర్యానంతరమే బయటి విపణిపాలైనవని సామాన్యీకరించుట తగదు. అది ఆ కథ చెప్పిన మాట కాదు. చదువరి చేర్చిన మాట.

1905 నాటి రష్యా అల్లరులచే కాకసస్ ఖనిజము సన్నగిల్లగా భారత మాంగనీసుకు గిరాకి హెచ్చెను. 1908లో ధర పడిపోయెను. 1930 తరువాతి ఆర్థికమాంద్యమున మరల అట్లే జరిగెను. గనికూలిపై నాధారపడిన కుటుంబమునకు వానకంటె దూరదేశపు ధరయే బ్రదుకుతెరువును నిర్ణయించు శక్తి యయ్యెను. త్రవ్వి విడిచిన గోయి మరల మడి కాదు; కనుక పని నిలిచిననాడు సేద్యమునకు మరలుటయు సులభము కాదు. ‘వ్యవసాయ గ్రామము’ అను ఒక్క పేరు ఈ స్థితిని తెలుపజాలదు.

కావున పరిశోధక విద్యార్థులు ఈ సీమ కథలలోని పాత్ర కూలికి పోయెననినపుడు ఆ కూలి పొలముదో గనిదో తొలుత విచారింపవలెను. గనిపల్లెల వృద్ధులనుండి పనిముట్ల పేర్లను, పనిమాటలను సేకరింపవలెను. కోడూరు పేరును శాస్త్రము నిలిపినది. అచ్చట త్రవ్వినవారి భాషను నిలుపుట తెలుగు శాఖల విధి.