వెల్లకిలా తిప్పితే

"రెక్కల్లేవు కద సార్, ఇది పిల్లదేమో?" అన్నాడు ఆదివారాలు మా ఇంటికొచ్చే డిగ్రీ పిల్లవాడు. భూతద్దం కింద ఉన్నది చిటికెన గోరంత కూడా లేని బల్లపరుపు నల్లి, అరాడిడే కుటుంబానిది. పడమటి కనుమల్లో ఆకుచెత్త జల్లిస్తే దొరికిందని మిత్రుడొకాయన స్పిరిట్ సీసాలో వేసి వేంపల్లెకు పంపినాడు.

మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఈ జాతి పురుగుల పిల్లలకు ఎటూ రెక్కలుండవు. "కడుపు కొస చూడు నాయనా" అన్నాను. జననాంగ పలకలు పూర్తిగా ఏర్పడినాయి. అంటే పెద్దదే. దీనికి రెక్కలు ఇక రావు.

మన పాపాఘ్ని గట్టున ఎండిన మాను బెరడు లేపితే నాకు దొరికినవన్నీ రెక్కలున్నవే. బెరడుకూ చెక్కకూ నడుమ సందులో బతకాలి గనక రొట్టె అణిచినట్టుంటాయి. తినేది బూజు. దానికోసం పెట్టుకున్న సన్నని పొడవాటి సూదులు పని లేనప్పుడు తలలోపల తాడుచుట్టలా చుట్టుకొని ఉంటాయి. తేమ అడవుల నేలమీది వాటిలో మాత్రం ఎన్నో ప్రజాతులు రెక్కలు పోగొట్టుకున్నాయి.

రెక్క లేకపోతే ఈనెల అల్లిక చూసి పోల్చుకునే వీలుండదు. పైగా ఒంటినిండా మట్టి, బూజు పెచ్చుకట్టి ఉంటుంది. ఒకసారి సరిగ్గా కడగకుండానే బొమ్మ గీసి, మూడు రోజుల పని చించేసినాను. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సన్నకుంచెతో ఓపిగ్గా తుడుస్తాను. పెచ్చు ఊడేకొద్దీ వీపు తేటపడుతుంది. రొమ్ము పలకలు, కడుపు మొదటి పలకలు ఎక్కడ అతుక్కుపోయినాయి, ఎక్కడ గీత మిగిలింది అన్నదే ప్రజాతికి పెద్ద ఆనవాలు. తర్వాత మీసాల నాలుగు కణుపుల కొలతలు, తొండం ఇమిడే గాడి వెనక మూసుకుందా తెరుచుకుందా అన్నది.

డిస్టంట్ 1902 నుంచి 1918 దాకా వెలువరించిన మన దేశపు నల్లుల సంపుటాలు ఏడు. కోర్మిలెవ్, ఫ్రోష్నర్‌ల ప్రపంచ జాబితా 1987లో వచ్చింది. అవి లేకుండా పేరు దాకా పోలేం. కానీ పుస్తకం తెరిచే ముందు పురుగును వెల్లకిలా తిప్పాలి. కడుపు పక్కల శ్వాసరంధ్రాలు ఒక్కో పలకమీద ఎక్కడున్నాయో, అడుగునా, అంచునా, రాసుకోవాలి.

పిల్లవాడు సూదిమొనతో మెల్లగా తిప్పి, పెన్సిల్ పట్టుకొని లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు. చాలాసేపు మాట్లాడలేదు. "సార్, చివరిది అంచుమీదుంది. పైనుంచి చూసినా కనపడుతుంది."