సేకరణ అనే మాట గురించి

మన చిన్న పత్రికల్లో రచన కింద "సేకరణ" అని వేసి ఒక పేరు అచ్చువేయడం పరిపాటి అయింది. ఆ మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. సేకరించినవారు కనబడతారు, రాసినవారు కనబడరు.

ఇతర పత్రికల్లో వచ్చిన మంచి రచనలను తెచ్చి వేసుకోవద్దని నేననను. కోయంబత్తూరు, మదురై వైపు మన ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. అక్షరాలు కూడబలుక్కుని చదివేవారికి హైదరాబాదు పత్రిక అందడమే అరుదు. వారికి పునర్ముద్రణే మూలం. అందులో జారిపోయినది వారికి దొరకదు.

పాత కథను మళ్లీ చెప్పడం వేరు. మదురైలో విజయరంగ చొక్కనాథుని కాలంలో (1706-1732) సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాశాడు. కథ పాతదని అందరికీ తెలుసు, వచనం ఆయనది. అందులో దాపరికం లేదు. ఒకరి వాక్యాలను ఉన్నవున్నట్టు దించి పేరు తీసేస్తే దాన్ని రచన అనలేం, సేవ అనీ అనలేం.

పేరు ఉంచి పాఠం తగ్గించినా చిక్కే. తంజావూరు ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్నే చూడండి. 1887లో పైడిపాటి వెంకటనరసు దాన్ని అచ్చువేసినప్పుడు కొన్ని పద్యాలు పోయాయి, ఆమె తన వంశం గురించి చెప్పుకున్న పీఠికా పోయింది. ఆ ప్రతి చదివినవారికి అక్కడ లోటుందని ఎలా తెలుస్తుంది? బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోయినవాటిని చేర్చి, 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించింది. ముందు ప్రతిలో ఏం లేదో పీఠికలో చెప్పింది కూడా. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు 1947లో ఆ నిషేధం ఎత్తివేసేదాకా దానికి చెర తప్పలేదు. ఇంత కథ నడిచిన పుస్తకాన్ని "సేకరణ" కింద నాలుగు పద్యాలుగా వేస్తే నాగరత్నమ్మ పడిన పాటు ఏమైనట్టు?

ముద్దుపళని మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. ఈనాటి రచయితల సంగతి అలా కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. హక్కు వేరొకరికి అమ్ముకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే అధికారం రచయితకే ఉంటుంది. అయితే నేను చట్టానికి జడిసి ఇది రాయడం లేదు.

మన భాషను సంస్కరించేవారంటేనే నాకు ఎక్కువ భయం. మనవారి కథ అటు వెళ్లి అచ్చయినప్పుడు "వచ్చినాడు" కాస్తా "వచ్చాడు" అవుతుంది, తమిళం కలిసిన మాట మాయమవుతుంది. పైన మన ఊరి పేరు మాత్రం ఉంటుంది. అదే పని మనం ఇంకొకరి రాయలసీమ కథకు చేస్తే అడిగే నోరు మనకు ఉంటుందా?

సంపాదకులను నేను కోరేది కొంచెమే. రచయిత పేరు పైన వేయండి. మొదట ఎక్కడ, ఏ ఏడు వచ్చిందో కింద వేయండి. అనువాదమైతే అనువాదకుల పేరూ వేయండి. బతికున్నవారినైతే ఒక మాట అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. చోటు చాలక కుదిస్తే "కుదింపు మాది" అని ఒక పంక్తి వేయండి, దానికి అరంగుళం కూడా పట్టదు.