గొంతు మారినా బొమ్మ మారదు

డబ్బింగ్ రాస్తానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది పెదవుల గురించే. "లిప్ ఎలా కలుపుతారండీ?" అంటారు. అది సాధనతో వచ్చేస్తుంది. ప, బ, మ పలికితే పెదవులు మూతపడతాయి కాబట్టి, తెరమీద మూతపడిన చోట మనకూ అలాంటి అక్షరమే పడాలి. నటుడి నోరు ఆగేసరికి మన వాక్యమూ ఆగాలి. నాలుగు సినిమాలు రాస్తే చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగినా తెమలని చిక్కు ఇంకొకటుంది. తెరమీద జరుగుతున్నది మనవాళ్లకు మింగుడు పడదని ఎవరికో అనిపిస్తే, మాటలు రాసేవాడు ఏం చెయ్యాలి? దీనికి నాకు దొరికిన పెద్ద పాఠం సినిమా కాదు, ఆడపిల్లల కోసం తీసిన ఒక జపాన్ కార్టూన్.

దాని పేరు 'సెయిలర్ మూన్'. నవోకో తాకెవుచి గీసిన కామిక్స్ ఆధారంగా తోయెయ్ యానిమేషన్ సంస్థ తీసింది. 1992 మార్చిలో టీవీ అసాహీలో మొదలై, 1997 ఫిబ్రవరి దాకా ఐదు భాగాలుగా 200 ఎపిసోడ్లు నడిచింది. హీరోయిన్ ఉసాగికి 14 ఏళ్లు. బడికి రోజూ ఆలస్యం, చదువు అంతంతమాత్రం, చీటికీ మాటికీ బావురుమనడం. అలాంటి పిల్లకు మాట్లాడే నల్లపిల్లి ఒకటి తారసపడి, లోకాన్ని కాపాడాల్సింది నువ్వేనంటుంది. తర్వాత ఒక్కొక్కరుగా నేస్తాలు జతకూడతారు. మంత్రశక్తి ఉన్న ఆడపిల్లల కథలు జపాన్‌లో అంతకుముందూ ఉన్నాయి. వాళ్లను జట్టుగా కట్టి యుద్ధానికి పంపడం దీని ప్రత్యేకత.

గొంతు ఇచ్చేవాళ్లకు ఈ ఉసాగి పెద్ద పరీక్ష. ఒకే ఎపిసోడ్‌లో గుక్కపట్టి ఏడవాలి, మరు నిమిషంలో రాక్షసుడి ఎదుట నిలబడి హుంకరించాలి, అవసరమైతే చంద్రలోకపు యువరాణిలా నెమ్మదిగా పలకాలి. జపాన్‌లో ఆ గొంతు కొతోనో మిత్సుయిషిది. మొదటి భాగం చివరికొచ్చేసరికి ఆమె జబ్బు పడ్డారు. 44వ ఎపిసోడ్ నుంచి 50 దాకా కయె అరాకి అనే మరో నటి చెప్పారు. అంటే కథ శిఖరానికి చేరిన ఘట్టం సొంత దేశంలోనే అరువు గొంతుతో వినబడింది. అయినా సీరియల్‌కు దెబ్బ తగల్లేదు. గొంతు మారితే కథ చచ్చిపోదు, మాట నిజంగా ఉంటే చాలు అనడానికి ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు.

నిజానికి కార్టూన్‌లో పెదవుల బాధ తక్కువే. ఆ కాలపు జపాన్ టీవీ బొమ్మల్లో నోరు రెండు మూడు రకాలుగానే ఆడుతుంది. మూసి, సగం తెరిచి, పూర్తిగా తెరిచి, అంతే. అక్షరం ఏదన్నది పట్టింపు లేదు, నిడివి కుదిరితే చాలు. పిల్ల వీరవనితగా మారే దృశ్యం ఒకసారి గీసిందే మళ్లీ మళ్లీ వాడతారు. దానికి రాసే మాట వారం వారం వినబడుతుంది కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి, పిల్లలు వీధిలో ఆడుకునేటప్పుడు అరిచేది ఆ మాటే. అసలు శ్రమంతా రియాక్షన్లలో ఉంటుంది. ఏడుపులు, కేకలు, రొప్పులు. మా డబ్బింగ్ థియేటర్లలో వాయిస్ ఆర్టిస్టులు ముందే చెప్పేస్తారు, "అన్నా, అరుపులన్నీ ఆఖర్న పెట్టుకుందాం, ఇప్పుడే అరిస్తే మాట రాదు" అని.

ఇంత వెసులుబాటున్న పనిలో పేచీ ఎక్కడొచ్చింది? చెప్పే విషయం దగ్గర.

డీఐసీ అనే అమెరికా సంస్థ టొరంటోలో రికార్డు చేయించిన ఇంగ్లీషు వెర్షన్ 1995లో కెనడా, అమెరికాల్లో ప్రసారమైంది. ఉసాగి అక్కడ సెరీనా అయింది. నేపథ్య సంగీతం దాదాపు కొత్తది. చివర్లో పిల్లలకు నీతి చెప్పే ముక్క ఒకటి అతికించారు. ఇవన్నీ ఏ దేశం డబ్బింగులోనైనా ఉండే సర్దుబాట్లే. కానీ మొదటి భాగంలోని 46 ఎపిసోడ్లు 40కి తగ్గాయి. చివరి రెండింటినీ కుదించి ఒకటి చేశారు. అసలు కథలో అక్కడ ఉసాగి నేస్తాలు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు వదులుతారు. ఇంగ్లీషులో మాత్రం వాళ్లను శత్రువులు బంధించారు, అంతే. చనిపోయారని తెలిస్తేనే ఆ ఏడుపుగొట్టు పిల్ల ఒంటరిగా లేచి నిలబడటానికి అర్థం. చావు తీసేశాక ఆమె తెగువ కూడా సగమైపోయింది.

ప్రేమల దగ్గర ఇంకా తంటాలు. శత్రువుల పక్షంలో జోయిసైట్, కుంజైట్ అనే ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు ప్రేమించుకుంటారు. ఇంగ్లీషులో జోయిసైట్‌కు ఆడగొంతు పెట్టి ఆడదాన్ని చేశారు. ఇటాలియన్, జర్మన్ వెర్షన్లదీ అదే దారి. మూడో భాగంలో హరుకా, మిచిరు అనే ఇద్దరమ్మాయిలు ప్రేమికులు. 2000లో ఆ భాగాన్ని ఇంగ్లీషు చేసిన క్లోవర్‌వే సంస్థ వాళ్లను కజిన్స్‌గా మార్చింది. మాటల్లో బంధుత్వం, బొమ్మలో మాత్రం వలపు చూపులు. దాచిందేమో దాగలేదు సరికదా, కథలో లేని ఎబ్బెట్టు ఒకటి వచ్చి చేరింది. చూసేవాళ్లు నవ్వుకున్నారు. ఆఖరి భాగంలో మగపిల్లల్లా తిరిగే ముగ్గురు పాటగాళ్లు యుద్ధవేళకు ఆడవాళ్లవుతారు. ఇటలీలో దానికి తంటాలుపడి, వాళ్లకు కవల అక్కచెల్లెళ్లున్నారని కల్పించారు. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చారన్నమాట. ఎదురుగా మనిషి మారడం కనబడుతూనే ఉంది.

ఈ పనులు చేసినవాళ్లను దుర్మార్గులనను. ప్రకటనదారుల భయం, తల్లిదండ్రుల ఫిర్యాదులు, బడి వదిలాక వచ్చే పిల్లల కార్యక్రమాల నిబంధనలు వాళ్ల నెత్తిన ఉన్నాయి. పైగా ఆ కత్తిరించిన ఇంగ్లీషు రూపాన్నే చూసి పెరిగిన పిల్లలు పెద్దయ్యాక పూర్తి కథ కావాలని పట్టుబట్టారు. 2014లో విజ్ మీడియా అనే సంస్థ కోతల్లేకుండా కొత్తగా డబ్బింగ్ చేయించడం మొదలుపెట్టింది. జపాన్‌లో 1997లో ముగిసిన ఆఖరి భాగం ఇంగ్లీషులో 2019కి గానీ వినబడలేదు. ఒక తరం పిల్లలు ముగింపు లేకుండానే పెద్దవాళ్లయ్యారు.

ఇలా కాకుండా చేసినవాళ్లూ ఉన్నారు. మెక్సికోలో 200 ఎపిసోడ్లనూ స్పానిష్‌లోకి తెచ్చారు, పత్రీసియా అసెవేదో గొంతుతో. ఏళ్ల తర్వాత కొత్త సీరియల్ 'సెయిలర్ మూన్ క్రిస్టల్' వచ్చినప్పుడూ ఆమెనే పిలిచారు. లాటిన్ అమెరికాలో ఆ పాత్రంటే ఇప్పటికీ ఆ గొంతే. పోలండ్‌లో అన్ని పాత్రలకూ ఒకే ఒక్కడు, భావం లేకుండా చదువుకుంటూ పోయాడు. కింద జపాన్ గొంతులు వినబడుతూనే ఉన్నాయి. డబ్బు పెట్టని చోట అసలు గొంతు మిగిలింది. ఎక్కువ మార్చింది ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లే. నాకిది విచిత్రంగా తోస్తుంది.

మనకూ ఇది పరాయి సంగతి కాదు. 1950లో 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలు రాసిన నాటి నుంచి డబ్బింగ్ మన ఇంటి విద్యే. ఈమధ్య జపాన్ యానిమే కూడా తెలుగులో థియేటర్లకొస్తోంది. 2025 సెప్టెంబరులో 'డెమన్ స్లేయర్: ఇన్‌ఫినిటీ క్యాజిల్' తెలుగు గొంతులతోనే విడుదలైంది. ఇంకా వస్తాయి. మార్చమనే ఒత్తిడి నాకూ ఎదురైంది. ఒక సీరియల్ రాస్తున్నప్పుడు ఒక చానల్ వాళ్లు ప్రేమికుల జంటను వదినా మరుదులుగా మార్చమన్నారు. "తర్వాతి సీన్‌లో వాళ్లు ముద్దు పెట్టుకుంటారు సార్" అన్నాను. ఆ మాటతో చర్చ ముగిసింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పేర్లు మార్చండి, యాస మార్చండి, హాస్యాన్ని మన పిల్లలకు అందేలా తిరగరాయండి. ఆ స్వేచ్ఛ లేకపోతే డబ్బింగ్ రచయిత బతకలేడు. ఎవరు ఎవరికి ఏమవుతారన్నది మాత్రం మార్చొద్దు, చచ్చినవాళ్లను బతికించొద్దు. ఆ కథ మన పిల్లలకు తగదనుకుంటే కొనడం మానేయడమే మర్యాద. పాఠకులకూ ఒక మనవి. తెలుగు డబ్బింగ్‌లో వినే మాటకూ చూసే బొమ్మకూ పొంతన లేదనిపిస్తే బొమ్మనే నమ్మండి. పొంతన ఎందుకు లేదని ఆ చానల్‌నో, ఆ యాప్‌నో అడగండి. అడిగేవాళ్లుంటేనే మాలాంటి వాళ్లు లోపల గట్టిగా మాట్లాడగలం.